కోర్స్‌వర్క్ అయ్యాక పీహెచ్‌డీలో రోజు ఎటు పోతోంది?

ప్రశ్న:
రెండో, మూడో ఏడాదిలో రోజును ఎలా ప్లాన్ చేసుకోవాలండీ? టైమ్‌టేబుల్ వేసుకుంటే మూడో రోజుకే చెదిరిపోతోంది. పది గంటలు ల్యాబ్‌లో ఉన్నా ఏమీ చేసినట్టు అనిపించడం లేదు.

జవాబు 1:
టైమ్‌టేబుల్ పక్కన పెట్టి, ముందు లెక్క రాయండి. ఒక వారం పాటు అరగంటకోసారి ఏం చేశారో నోట్‌బుక్‌లో ఒక్క మాట. వారం చివర కూడి చూస్తే ఇన్విజిలేషన్, ప్రాజెక్టు బిల్లులు, సెమినార్ ఏర్పాట్లు ఎంత తినేస్తున్నాయో తెలుస్తుంది. మిగిలిన దాంట్లో, బుర్ర చురుగ్గా ఉండే 90 నిమిషాలు రాతకే కేటాయించండి. మెయిల్స్ ఆ తర్వాతే.

టైమ్‌టేబుల్ చెదరడానికి అసలు కారణం అంచనా తప్పడం. మనిషి తన పనికి పట్టే కాలాన్ని సాధారణంగా తక్కువగానే ఊహిస్తాడని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. ఊహించకండి, పోయినసారి ఇలాంటి పనికి నిజంగా ఎన్ని రోజులు పట్టిందో అదే వేసుకోండి.

జవాబు 2:
దీనికి గడువులు కూడా కలపాలి. యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గరిష్ఠం 6 ఏళ్లు. కానీ జూనియర్, సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌లు (జేఆర్ఎఫ్, ఎస్ఆర్ఎఫ్) కలిపి డబ్బు వచ్చేది 5 ఏళ్లే. చాలామంది ఆరుకు లెక్క వేసుకుని చివర్లో డబ్బుకు ఇబ్బంది పడతారు. ఐదుకే వేసుకోండి.

ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చూపించాలి కదా, ఆ తేదీ నుంచి వెనక్కి రండి: మూడు వారాల ముందే డ్రాఫ్ట్ గైడ్‌ గారి చేతిలో ఉండాలి. 'మూడో చాప్టర్ పూర్తి చేయాలి' అని రాసుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. 'టిఫిన్ అయ్యాక లైబ్రరీలో రెండో టేబుల్‌కి రెండు పేరాల వివరణ' అని రాసుకుంటే కూర్చోగానే పని నడుస్తుంది.

అడిగినవారు:
పొద్దున్నే ప్రయోగం పెట్టాల్సి వస్తే ఆ 90 నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి?

జవాబు 2:
సాయంత్రానికి మార్చండి. పీసీఆర్ (మెషీన్‌లో డీఎన్‌ఏ కాపీలు తీసే ప్రయోగం) నడిచే రెండు గంటల్లో కొత్త రాత సాగదు, మధ్యమధ్యలో వేరే ల్యాబ్ పనులకు లేవాల్సి వస్తుంది. రిఫరెన్సులు సర్దడం, ఫిగర్ల కింద క్యాప్షన్లు ఆ గ్యాప్‌లో పెట్టుకోండి.

జవాబు 3:
'ఏమీ చేసినట్టు లేదు' అన్నది టైమ్ సమస్య ఒక్కటే కాదండీ. డెసీ, రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రకారం ఉత్సాహం నిలవాలంటే మూడు కావాలి: పనిలో సొంత నిర్ణయం, చేతనవుతోందన్న నమ్మకం, తోటివారితో బంధం. పీహెచ్‌డీలో ఫలితం నెలల తరబడి రాదు కాబట్టి ముందు దెబ్బతినేది రెండోదే. రోజూ అయిన పనిని ఒక వరుసలో రాసి పెట్టండి, పాడైన ప్రయోగంతో సహా. ఏది పనిచేయదో తేలడం కూడా పనే. వారానికోసారి ల్యాబ్‌మేట్‌కి ఒక పేజీ చదివి వినిపిస్తే మూడోదీ నిలబడుతుంది.

నిద్ర పట్టక, తిండి సయించక రెండు వారాలు దాటితే మాత్రం ప్లానింగ్‌తో కుస్తీ పట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.