హేరోదు రోము చేతి కీలుబొమ్మేనా?

పాతనాణెం (చర్చ ప్రారంభం):
క్రీ.పూ. 37 నుండి 4 వరకు యూదయను (నేటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతాన్ని) ఏలిన హేరోదును రోము చేతి కీలుబొమ్మగా తేల్చివేయడం నాకు సమ్మతం కాదు. క్రీ.పూ. 40లో రోము శత్రువులైన పార్థియన్లు, యూదయ పాత రాజవంశమైన హస్మోనియన్ వంశీయుడు ఆంటిగోనస్‌ను యెరూషలేములో గద్దెనెక్కించగా, రోముకు పారిపోయిన హేరోదును రోము నేతలు ఆంటొనీ, ఆక్టేవియన్‌ల (తర్వాతి అగస్టస్ చక్రవర్తి) మాట మీద సెనేట్ రాజుగా ప్రకటించింది. కిరీటం రోము పెట్టిందేనని ఒప్పుకుంటాను. అయితే ఆక్టియం యుద్ధంలో ఆక్టేవియన్ చేతిలో ఆంటొనీ ఓడిపోయాక, క్రీ.పూ. 30లో రోడ్స్ ద్వీపంలో హేరోదు ఏం చేశాడో చూడండి. కిరీటం తీసి విజేత ఎదుట నిలబడి, ఆంటొనీకి తాను చివరిదాకా మేలు కోరిన మాట దాచకుండా చెప్పి, తాను ఎవరికి మిత్రుడన్నది కాక ఎటువంటి మిత్రుడన్నది చూడమని కోరాడు. తలపోతుందనుకున్నవాడు కిరీటంతో తిరిగివచ్చాడు, ఆ తర్వాత కొద్దికాలానికే యెరికో, గాజా, సమరయలను కూడా సంపాదించుకున్నాడు. కీలుబొమ్మలు ఇలా బేరమాడవు.

గట్టుమీద:
బేరమాడే నేర్పు ఉన్నంత మాత్రాన స్వతంత్రుడైపోడు. మీరు చెప్పిన యెరికోనే తీసుకోండి. విలువైన బాల్సమ్ సుగంధ తోటలున్న ఆ ప్రాంతాన్ని ఆంటొనీ ఈజిప్టు రాణి క్లియోపాత్రాకు కట్టబెడితే, హేరోదు తన నేలనే ఆమె దగ్గర కౌలుకు తీసుకుని డబ్బు కట్టుకున్నాడు. అతడు ముద్రించినవన్నీ కంచు నాణేలే, వెండి బంగారాలవి కావు. క్రీ.పూ. 9 ప్రాంతంలో రోము అనుమతి లేకుండా పొరుగు అరబ్బు రాజ్యమైన నబాతియన్ల మీదికి సైన్యాన్ని నడిపించినందుకు, ఇంతవరకు మిత్రుడిగా చూశాను, ఇకపై ప్రజలలో ఒకడిగా చూస్తానని అగస్టస్ జాబు రాశాడు. చివరికి అలెగ్జాండర్, అరిస్టోబులస్ అనే కన్నకొడుకులను శిక్షించడానికి కూడా చక్రవర్తి అనుమతి తెచ్చుకుని, బెరూటులో (నేటి బీరూట్) రోమన్ అధికారులున్న సభ ముందు విచారణ జరిపించవలసివచ్చింది. మన నిజాం 1798లో కంపెనీతో చేసుకున్న సైన్యసహకార ఒప్పందానికి ఇది పూర్వరూపం.

రాతిశాసనం:
నిజాంతో పోలిక ఇక్కడ అంతగా పొసగదు. హైదరాబాదులో కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు, కంపెనీ పటాలం నిత్యం కొలువుండేవారు. హేరోదు తన రాజ్యాన్ని సొంత సైన్యంతోనే అదుపులో ఉంచుకున్నాడు, అందులో థ్రేసియన్లు, జర్మన్లు, గాల్ జాతివారు కూడా ఉండేవారు. క్రీ.పూ. 25 ప్రాంతంలో కరువు వచ్చినప్పుడు తన భవనంలోని వెండి బంగారాలను కరిగించి, ఈజిప్టు నుండి ధాన్యం తెప్పించి పంచాడు. అయితే ఆ ధాన్యం ఇచ్చినవాడు ఈజిప్టును పాలిస్తున్న రోమన్ అధికారి పెట్రోనియస్ అన్నది మరువరాదు. కైసరయ రేవు కూడా అటువంటిదే: ఆలోచన, ఖర్చు హేరోదువి, నీటి అడుగున గట్టిపడే కాంక్రీటుకు కావలసిన అగ్నిపర్వత బూడిద ఇటలీలోని నేపుల్స్ తీరం నుండి ఓడల్లో వచ్చింది, పేరు మాత్రం అగస్టస్‌ది. ఎవరి పని ఎంతో విడదీయడం కష్టం. నా దృష్టిలో అసలు పట్టు వారసత్వం దగ్గర ఉంది. రాజ్యాన్ని ఎవరికివ్వాలో హేరోదు వీలునామా రాయగలిగాడు, దానిని చెల్లుబాటు చేయగలిగింది మాత్రం అగస్టసే. క్రీ.పూ. 4లో హేరోదు చనిపోయాక పెద్ద వాటా పొందిన కొడుకు అర్కెలాయుకు రాజు బిరుదే దక్కలేదు, క్రీ.శ. 6లో అతణ్ణి గాల్‌కు వెళ్లగొట్టి, యూదయలో రోము తన అధికారిని నియమించింది.

పాతనాణెం:
వారసత్వం సంగతి కాదనను. అయితే ఆ వీలునామా మీద విచారణ జరుగుతుండగా యెరూషలేము నుండి 50 మంది ప్రతినిధులు రోముకు వెళ్లి, హేరోదు వంశం తమకు వద్దని, తమ దేశాన్ని రోము నేరుగా ఏలుతున్న సిరియాలో కలిపేయమని మొరపెట్టుకున్నారని యూదు చరిత్రకారుడు జోసెఫస్ రాశాడు. వారి ఫిర్యాదంతా హేరోదు వేసిన పన్నుల మీద, చంపించిన మనుషుల మీద. పెత్తనమంతా రోముదే అయితే, వారు ఆ రోమునే నేరుగా వచ్చి ఏలమని ఎందుకు అడుగుతారు?