వేంపల్లె రాయిలో పొరల గుండ్రాలు: ఇవి జంతు శిలాజాలేనా?

సైన్సు టీచర్, పులివెందుల
వేంపల్లె దగ్గర గుట్టలో దొరికిన బూడిదరంగు రాయి ఒకటి ఎనిమిదో తరగతి పిల్లలు తెచ్చారు. ఎర్రగడ్డను అడ్డంగా కోస్తే కనబడినట్టు పొరలు పొరలుగా గుండ్రాలు, ఒక్కోటి జానెడు వెడల్పు. ఇంకొకటి బేతంచెర్ల బండ ముక్క, దాని మీద నల్లగా కొమ్మల్లాంటి గీతలు. మొదటిది పగడమనీ, రెండోది ఏదో సముద్ర జీవి అనీ పిల్లలు అంటున్నారు. సైన్సు ఫెయిరులో ‘జంతువుల పుట్టుక’ అట్ట మీద వీటిని పెట్టొచ్చా? అసలు జంతువు అని తేల్చడానికి ఏ గుర్తులు, ఏ వరుసలో చూడాలి?

రాతిపొర
ఆ అట్ట మీద రెండూ వద్దు సార్. మొదటిది స్ట్రోమటోలైటు. లోతు తక్కువ సముద్రంలో సయనోబాక్టీరియా (వెలుతురుతో ఆహారం చేసుకునే బాక్టీరియా) జిగురుపొరగా పరుచుకుంటుంది. దాని మీద సన్నటి సున్నపు రేణువులు అంటుకుంటాయి. వెలుతురు కోసం బాక్టీరియా పైకి పాకి మళ్లీ పొర కడుతుంది. అట్లా పేరుకున్నవే ఆ గుండ్రాలు.

వయసు చూసినా జంతువు కాలేదు. వేంపల్లె పొరలకు పైనుండేవి తాడిపత్రి పొరలు. వాటిలోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిలకే దాదాపు 188 కోట్ల ఏండ్లు. కిందున్న వేంపల్లె రాయి అంతకన్నా పాతది. జంతువులని నమ్మదగ్గ శిలాజాలు సుమారు 57 కోట్ల ఏండ్ల నుంచే దొరుకుతాయి. వాటిలో డికిన్సోనియా అనే చదునైన సముద్రజీవి మీద, జంతువా కాదా అని, చాలాకాలం వాదన నడిచింది. 55.8 కోట్ల ఏండ్ల నాటి దాని ముద్రల్లో జంతువులకు గుర్తైన కొలెస్ట్రాల్ అనే కొవ్వు అవశేషాలున్నాయని 2018లో తేలాక జంతువన్న మాటకు బలమొచ్చింది.

పిల్లల చేత ఇట్లా చూపించండి. రాయి తడిపి, పక్కకు తెగిన ముఖాన్ని పది రెట్ల లెన్సుతో చూడాలి. పొరలన్నీ ఒకే వైపు ఉబ్బి ఉంటే స్ట్రోమటోలైటు, ఆ ఉబ్బిన వైపే ఆనాటి పైభాగం. పొరలు చుట్టూరా కమ్ముకొని ఉంటే అది ఖనిజం గడ్డకట్టిన ఉండ. పగడంలో అయితే చిన్న చిన్న గదులు, వాటిలో అంచు నుంచి మధ్యకు అడ్డుగోడలు కనబడాలి.

ఆమ్లం పరీక్షతో మోసపోతారు. వేంపల్లె రాయి ఎక్కువగా డోలమైటు (మెగ్నీషియం కలిసిన సున్నపు ఖనిజం), 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసినా సరిగ్గా పొంగదు. మేకుతో గీకి, ఆ పొడి మీద వేస్తే నురగ వస్తుంది. ఎంత పొంగినా అది రాయి రకమే చెబుతుంది, శిలాజమా కాదా అన్నది చెప్పదు. చేతికి గ్లౌజులుండాలి, ఆమ్లం మీరే వేయండి.

బండల పని
బేతంచెర్ల బండ మీది నల్ల కొమ్మలు మాంగనీసు ఆక్సైడు. పగుళ్లలోకి దిగిన నీళ్లు వదిలిన ఖనిజం అట్లా కొమ్మలు కొమ్మలుగా పెరుగుతుంది. పగులు అంచు దగ్గర మొదలై ఆ పగులు ముఖం మీదే పరుచుకుంటుంది, ఈనెలుండవు.

జీవశాస్త్రం
గుర్తుల సంగతి చెబుతాను సార్. కదలికతో మొదలుపెట్టొద్దు, ఎదిగిన స్పంజి ఒకచోటే అతుక్కొని ఉంటుంది, అయినా జంతువే. శరీరంలో చాలా కణాలుండాలి, కణానికి గట్టి గోడ ఉండకూడదు, కణాల మధ్య కొల్లాజెన్ అనే ప్రోటీన్ ఉండాలి, పిండం తొలిదశలో కణాలు బోలు గోళంగా ఏర్పడాలి. ఆహారాన్ని లోపలికి తీసుకొని అరిగించుకోవాలి (బద్దెపురుగు లాంటి పరాన్నజీవులు దీనికి మినహాయింపు). పుట్టగొడుగు ఇక్కడే విడిపోతుంది, అది బయటే అరిగించి పీల్చుకుంటుంది, దాని కణానికి కైటిన్ అనే గట్టి పదార్థపు గోడ ఉంటుంది. జంతువులకు అందరికన్నా దగ్గరి ఏకకణ చుట్టాలు కోయనోఫ్లాజెల్లేట్లు.

వర్గీకరణలో ముందు కణజాలాలున్నాయా, తర్వాత సౌష్ఠవం (శరీరం సమాన భాగాలుగా ఎట్లా చీలుతుంది), పిండంలో పొరలు రెండా మూడా, ఆపైన పిండంలో తొలి రంధ్రం ఏమవుతుంది అన్నది చూడాలి. పిల్లలు తడబడేది నక్షత్రచేప దగ్గర. పెద్దదానికి అయిదు చేతులున్నా దాని డింభకం (పిల్లదశ) ద్విపార్శ్వం, అంటే కుడి ఎడమలు సమానం. పిండంలో తొలి రంధ్రం మలద్వారమవుతుంది, అందుకే అది వెన్నెముక ఉన్న మన వైపు చుట్టం. శరీరకుహరం (పేగుకూ ఒంటి గోడకూ మధ్య ఖాళీ) లేనివి, ఉన్నవి అని వరుస పేర్చే పాత పద్ధతి కూడా ఇప్పుడు నిలవదు. కుబుసం విడిచే కీటకాలు, గుండ్రటి పురుగులు (నులిపురుగుల్లాంటివి) ఒకే కొమ్మవని 1997లో డీఎన్ఏ పోలికలు చూపించాయి. తొలకరికి ఎర్రనేలల్లో కనబడే ఆరుద్ర పురుగును కీటకమని రాస్తే తప్పు. ఎనిమిది కాళ్లు, సాలెపురుగు వర్గం. గుడ్డు నుంచి అప్పుడే వచ్చినదానికి మాత్రం ఆరే ఉంటాయి, కాబట్టి ఎదిగినదాన్నే లెక్కపెట్టించండి.

సైన్సు టీచర్, పులివెందుల
చాలా సంతోషం సార్. మరి మన వైపు నిజమైన జంతు శిలాజాలు ఎక్కడున్నాయి?

రాతిపొర
బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో. 1884-85లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించారు. దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి, ఆ జాతికి కర్నూలు పేరే పెట్టారు. పిల్లల్ని తీసుకుపోతే చూపించడమే, గుహ నేలను తవ్వనీయొద్దు. పొర కదిలితే ఎముక వయసు తేల్చే దారి పోతుంది.