ఏడు చోట్లా ‘నువ్వా నేనా’ అన్న సర్వేలు, ఏడూ ఒకరికే పోయిన ఫలితం: తప్పు ఎక్కడుంది?

కృష్ణలంక కుర్రాడు:
2024 అమెరికా ఎన్నికల ముందు ఆఖరి వారం గుర్తుంది కదా. పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, అరిజోనా, నెవాడా... ఎటైనా మొగ్గగల ఈ ఏడు రాష్ట్రాల్లో ఏ సర్వే చూసినా హోరాహోరీ అనే రాశారు. తీరా చూస్తే ఏడింటికి ఏడూ ట్రంప్‌కే, అధ్యక్షుణ్ణి తేల్చే రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ ఓట్లలో 312–226. 2016లో ఆయన బలాన్ని తక్కువ చూపించారు, 2020లో తక్కువ చూపించారు, మూడోసారీ అంతే. అదే ఏడాది జూన్‌లో మన దగ్గర ఎన్డీయేకు 350 పైన, 400 దాకా ఇచ్చిన ఎగ్జిట్ పోల్స్ 293 దగ్గర బోల్తా పడ్డాయి. ఇక వీటిని చూడటం ఎందుకు? సర్వేలు పనికిరావన్నది నా వాదన. కాదనేవాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
తమ్ముడూ, మన ఎగ్జిట్ పోల్స్‌ని పక్కన పెడదాం. ఓట్ల శాతాన్ని సీట్లలోకి మార్చడం అక్కడ ఇంకో పెద్ద చిక్కు. అమెరికా సంగతే చూద్దాం.

పెన్సిల్వేనియాలో 800 మందిని అడిగితే డెమోక్రాట్ హ్యారిస్‌కు 48 శాతం, ట్రంప్‌కు 47 వచ్చాయనుకో. కింద చిన్న అక్షరాల్లో ‘మార్జిన్ ఆఫ్ ఎర్రర్ 3.5’ అని ఉంటుంది. అది ఒక్కొక్కరి శాతానికి వేసిన లెక్క. ఒకరిది పెరిగితే ఇంకొకరిది తగ్గుతుంది కాబట్టి ఇద్దరి మధ్య తేడాకు వచ్చేసరికి అది దాదాపు 7 అవుతుంది. అంటే హ్యారిస్ 8 పాయింట్లు ముందున్నా ఉండొచ్చు, 6 పాయింట్లు వెనకున్నా ఉండొచ్చు. సర్వే చెప్పింది అంతే. దానికి ‘హ్యారిస్ ముందంజ’ అని హెడ్డింగ్ పెట్టింది టీవీవాళ్లు.

చాలా సర్వేల సగటు తీస్తే ఈ ఊగిసలాట తగ్గుతుంది. కానీ అందరూ ఒకే రకం ఓటరును అందుకోలేకపోతే వంద సర్వేలు కలిపినా ఆ లోటు పోదు. 2016లో జరిగింది ఇదే. డిగ్రీ చదివినవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు, వాళ్లేమో ట్రంప్ ప్రత్యర్థి క్లింటన్ వైపు ఎక్కువగా మొగ్గారు. చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి సర్దుబాటు చేయలేదు. చివరికి మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 78 వేల లోపు ఓట్లతో క్లింటన్ చేజారాయి. దేశం మొత్తం మీద ఆమెకు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఫలితం మారలేదు.

నువ్వు ఏడు రాష్ట్రాలను ఏడు వేర్వేరు టాస్‌లుగా చూస్తున్నావు. అవి అలా పడవు. ఆ మూడు ఉత్తరాది రాష్ట్రాలు 1992 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ ఒకే పార్టీకి వెళ్లాయి. ఒకచోట సర్వే రెండు పాయింట్లు తప్పితే పక్క రాష్ట్రంలోనూ అదే వైపు తప్పుతుంది. సర్వేలన్నీ కలిపి గెలుపు అంచనా వేసే నేట్ సిల్వర్ మోడల్ ఆఖరి రోజు 80,000 సార్లు లెక్క వేస్తే హ్యారిస్ గెలిచింది 40,012 సార్లు. ఇంచుమించు సగం. అయినా ఆ మోడల్‌లో ఎక్కువసార్లు వచ్చిన ఫలితం ఏదో తెలుసా? ఏడూ ట్రంప్‌కే. దాని తర్వాతిది, ఏడూ హ్యారిస్‌కే. ‘హోరాహోరీ’ అంటే నాలుగు ఇటు, మూడు అటు వస్తాయని కాదు.

సంఖ్యల శ్రీను:
మాస్టారూ, మీ లెక్కతోనే ఒక ప్రశ్న. పోటీ నిజంగా సమానంగా ఉన్నా, 800 మంది సర్వేల్లో మూడింట ఒక వంతు మూడున్నర పాయింట్లకు మించిన తేడా చూపించాలి, అటో ఇటో. 2024లో అలాంటివి ఎన్ని కనిపించాయి? ఎక్కువ భాగం సున్నా, ఒకటి, రెండు. ఇది మంద పోకడే. పక్కవాడి అంకె చూసి, తేడాగా వచ్చినదాన్ని దాచేయడమో దిద్దడమో చేశారు. సిల్వర్ కూడా అప్పుడే ఇదే ఫిర్యాదు చేశారు. అలాంటి సర్వేల సగటును నమ్మమంటే ఎలా?

జార్జియా తెలుగు:
నేను ఫోర్సైత్ కౌంటీలో ఉంటాను. ఇక్కడ తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఆ అక్టోబరంతా ఫోన్‌కు మెసేజ్‌లే మెసేజ్‌లు. తెలియని నంబరంటే మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, లింకు వస్తే స్కామ్ అని డిలీట్ చేస్తారు. తెలిసిన ఇళ్లన్నీ ఇంతే. 2020లో ఈ రాష్ట్రంలో బైడెన్ ఆధిక్యం 11,779 ఓట్లే, అందుకని ప్రతి చిన్న వర్గం మీదా కథనాలు వచ్చేవి. రాష్ట్రమంతా తిరిగి 800 మందిని అడిగితే అందులో మనవాళ్లు ఎంతమంది తగులుతారండీ? ఆ కొద్దిమందిని పట్టుకుని ‘ఇండియన్లు అటు మొగ్గుతున్నారు’ అని రాస్తే నాకు ఒళ్లు మండుతుంది.

లెక్కల మాస్టారు:
జార్జియా అమ్మా, మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. వర్గాలవారీ పట్టికలో నలభై, యాభై మంది జవాబులతో వేసే శాతాలు పది, పదిహేను పాయింట్లు ఇట్టే ఊగుతాయి. వాటి మీద కథనం రాయకూడదు.

శ్రీను గారూ, మీ లెక్క సరైనదే. మంద పోకడ కొంత ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఇంకో కారణం కూడా ఉంది. ‘2020లో ఎవరికి వేశారు?’ అని అడిగి, ఆ ఎన్నిక ఫలితానికి సరిపోయేలా తూకం వేసిన సంస్థలు చాలా ఉన్నాయి. అలా చేస్తే అంకెలన్నీ దానంతటవే పాత ఫలితం చుట్టూ చేరతాయి. వచ్చినది వచ్చినట్టు వేసిన సర్వే కూడా ఒకటుంది, అయోవాలో ఆన్ సెల్జర్‌ది. అంత పేరున్న సర్వే హ్యారిస్ 47, ట్రంప్ 44 అంది. ట్రంప్ 13 పాయింట్లతో గెలిచారు. దాచకుండా వేసినందుకు నాకు ఆమె మీద గౌరవం ఉంది. కానీ ధైర్యం ఉన్నంత మాత్రాన అంకె నిజం కాదు కదా.

తప్పు ఎంతో కూడా చూడాలి. 2020లో విస్కాన్సిన్ సగటు బైడెన్‌కు 8 పాయింట్లకు పైగా ఇచ్చింది, వచ్చింది 0.6. 2024లో అక్కడ హ్యారిస్‌కు ఒక పాయింటు ఇచ్చారు, ట్రంప్ 0.9తో గెలిచారు. రెండు పాయింట్ల తప్పుకు ఎవరూ పనికిరాకుండా పోరు.

కృష్ణలంక కుర్రాడు:
రెండైనా ఎనిమిదైనా మూడుసార్లూ ఒకే వైపు కదా మాస్టారూ! అలాంటప్పుడు ట్రంప్ పార్టీకి మూడు పాయింట్లు కలిపి చదువుకుంటే సరిపోతుందిగా?

లెక్కల మాస్టారు:
2022లో అలా కలిపి చదివినవాళ్లు గట్టిగా దెబ్బతిన్నారు తమ్ముడూ. పెన్సిల్వేనియా సెనేట్ పోటీలో ఆఖరి సగటు రిపబ్లికన్ ఓజ్‌కు అర పాయింటు ఆధిక్యం చూపించింది. డెమోక్రాట్ ఫెటర్‌మన్ దాదాపు 5 పాయింట్లతో గెలిచారు. 2012లోనూ సర్వేలు ఒబామాను తక్కువే చూపించాయి. నువ్వు చెప్పే మూడూ ట్రంప్ పేరు బ్యాలెట్ మీద ఉన్న ఎన్నికలు. ఆయన కోసమే వచ్చి ఓటేసి, సర్వేవాళ్లకు దొరకని జనం ఉన్నారేమో అని నా అనుమానం. 2028లో రాజ్యాంగం ప్రకారం ఆయన మళ్లీ పోటీ చేయలేరు. ఆ జనం అప్పుడు బయటికొస్తారా, ఇంట్లో ఉంటారా అన్నదాన్ని బట్టే నువ్వు కలపమంటున్న మూడు పాయింట్ల సంగతి తేలుతుంది.