గుండె జబ్బున్న బాబుకి మూడు రోజులుగా తలనొప్పి, జ్వరం లేదు. ఆగొచ్చా?

చిన్ను వాళ్ళమ్మ:
మావాడికి ఆరేళ్లు. పుట్టుకతోనే టెట్రాలజీ ఆఫ్ ఫాలో (గుండెలో రంధ్రం, ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి ఇరుకు), ఆపరేషన్ ఇంకా కాలేదు. కాస్త పరుగెత్తితే పెదాలు నీలమైపోతాయి, గొంతుక్కూర్చుంటాడు. మూడు రోజులుగా నుదురు పట్టుకుని తలనొప్పి అంటున్నాడు. నిన్న రెండుసార్లు వాంతి. జ్వరం మాత్రం లేదు, థర్మామీటర్ పెట్టి పెట్టి విసిగిపోయాను. సోమవారం గుండె డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ ఉంది. అప్పటిదాకా చూడొచ్చా?

నిద్రలేని నాన్న:
చూడొద్దండీ. ముందు బయల్దేరండి, మిగతాది దారిలో చదువుకోండి.

మా పాపకీ ఇదే జబ్బు, అప్పుడు ఎనిమిదేళ్లు. తలనొప్పి అంటే కళ్లజోడు కావాలేమో అనుకున్నాం. ఐదో రోజు పొద్దున యూనిఫాం గుండీ కుడిచేత్తో పెట్టుకోలేకపోయింది. గారాలు పోతోందని కసిరి నేనే పెట్టాను. ఆ గుండీ నన్నింకా వదల్లేదు. సాయంత్రానికి ఫిట్స్. స్కాన్‌లో మెదడుకి ఎడమ పక్క నాలుగు సెంటీమీటర్ల చీముగడ్డ. అప్పుడు కూడా ఒళ్లు చల్లగానే ఉంది.

గుండెకీ దీనికీ ఏం సంబంధమని అడిగితే సర్జన్ గారు కాగితం మీద గీసి చూపించారు. ఒళ్లంతా తిరిగొచ్చిన రక్తం ఊపిరితిత్తుల్లో వడకట్టుకుంటుందట. నోట్లోంచో ఇంకెక్కడి నుంచో రక్తంలోకి జారిన క్రిములు చాలావరకు అక్కడే చిక్కుతాయి. మన పిల్లల్లో కొంత రక్తం గుండెలోని రంధ్రంలోంచి అడ్డదారిన మెదడుకి పోతుంది. పైగా ఆక్సిజన్ తక్కువై రక్తం చిక్కబడుతుంది. ఆ రక్తం సరిగా అందక మెదడులో దెబ్బతిన్న చోట క్రిమి పాతుకుంటుంది. పుర్రెకి చిన్న రంధ్రం పెట్టి సూదితో చీము లాగారు. ఆ చీముని పరీక్షిస్తే పెరిగింది నోట్లో ఉండే స్ట్రెప్టోకాకస్ అనే క్రిమి. పాలపన్నేగా, ఊడిపోతుందిలే అని పుచ్చుపన్నుని వదిలేశాం మేము. అదే కారణమని ఎవరూ అనలేదు, నేనే అనుకుంటుంటాను.

ఇంకో అమ్మ:
ఆవిడకి ఎందుకండీ అంత టెన్షన్ పెడతారు? మా బాబుకీ గుండెలో రంధ్రమే. వాడి తలనొప్పి మైగ్రేన్ అని తేలింది.

వార్డు సిస్టర్:
తేలింది స్కాన్ చూశాకేగా! చిన్ను వాళ్ళమ్మా, క్యాజువాలిటీలో మొదటి మాటే 'నీలం గుండె జబ్బు, తలనొప్పి, వాంతులు' అని చెప్పండి. స్కాన్ అవకుండా వెన్నులోంచి నీరు తీస్తామంటే ఆగమని అడగండి. గడ్డ ఉంటే అది ప్రమాదం. సెలైన్ గొట్టంలో గాలి బుడగ కనిపించినా వెంటనే చెప్పాలి. ఈ పిల్లలకి అది కూడా మెదడుకి వెళ్లగలదు. వాంతులవుతున్నాయి కాబట్టి ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదు. నోటితో ఏదైనా ఇచ్చేముందు మాత్రం వాళ్లనడగండి.

చిన్ను వాళ్ళమ్మ:
రాత్రే వెళ్లాం. గడ్డే. రెండు సెంటీమీటర్ల లోపే ఉందట. ప్రస్తుతానికి మందులతో చూస్తూ మళ్లీ స్కాన్ తీస్తామన్నారు. సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. ఆరు వారాలకి తక్కువ కాదట. చేతికి సూదితో అన్నాళ్లు పాపని ఎలా కూర్చోబెట్టారండీ?

నిద్రలేని నాన్న:
ఎక్కడ కూర్చుందండీ! సెలైన్ స్టాండుకి ఇంజిన్ అని పేరు పెట్టింది. నేను వెనక పెట్టెని. వార్డు చివర కిటికీ స్టేషను. రోజుకి ఎన్ని ట్రిప్పులో లెక్కలేదు.