అమృత్‌సర్: జలియన్‌వాలా బాగ్, దేశ విభజన మ్యూజియం ఒకే రోజులో ఎలా చూడాలి?

శ్రీలత కె.

అమృత్‌సర్‌లో మాకు దొరికేది ఒక్క పూర్తి రోజు. డెబ్బై దాటిన అమ్మానాన్న, ఐదో తరగతి పాప, నేను. స్వర్ణ మందిరం, సాయంత్రం అట్టారీ (పాక్ సరిహద్దు దగ్గర జెండా దించే కవాతు) ఎలాగూ ఉంటాయి. ట్రావెల్స్ వాళ్ల ప్లాన్‌లో జలియన్‌వాలా బాగ్‌కి ఇరవై నిమిషాలు పెట్టారు, విభజన మ్యూజియం అసలు లేదు. ఆ రెండూ తీరిగ్గా చూడాలంటే ఏ వరసలో వెళ్లాలి? మా అందరికీ హిందీ అంతంతమాత్రం.

రమణమూర్తి

ముందు ఏ వారం పడుతుందో చూసుకోండి. మ్యూజియానికి సోమవారం సెలవు. బాగ్ రోజూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు.

టౌన్ హాల్ (మ్యూజియం ఈ భవనంలోనే), బాగ్, మందిరం మూడూ హెరిటేజ్ స్ట్రీట్ మీదే, నడిచిపోయేంత దూరంలో ఉంటాయి. ఆ వీధిలోకి మామూలు బళ్లు రానివ్వరు. పెద్దవాళ్లను అటూ ఇటూ తిప్పకుండా ఉండాలంటే ఇలా చేయండి: తెల్లవారకముందే మందిరం, అక్కణ్నుంచి నడిచి ఏడింటికల్లా బాగ్. తర్వాత టిఫిన్, గదిలో కాసేపు నడుం వాల్చడం. పదింటికి మ్యూజియం తెరిచే వేళకు టౌన్ హాల్ దగ్గరుండాలి. పన్నెండున్నర, ఒంటిగంటకు బయటపడితే భోజనం చేసి రెండున్నరకు అట్టారీ బండెక్కొచ్చు. దూరం 30 కిలోమీటర్లే. కానీ పార్కింగ్, తనిఖీలు, గ్యాలరీ దాకా నడక కలిపితే సమయం కరిగిపోతుంది.

బాగ్‌ని మధ్యాహ్నానికి మాత్రం పెట్టుకోకండి. మందిరం నుంచి వచ్చే జనమంతా ఆ ఒక్క సందులోనే పడతారు. వేసవైతే ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

కృష్ణవేణి టీచర్

ఇరవై నిమిషాల్లో బాగ్‌ని చుట్టి రావచ్చు, అర్థం మాత్రం కాదు. ఇప్పుడది చూడ్డానికి పార్కులా ఉంటుంది. గడ్డి, మొక్కలు, కాలిబాటలు, మధ్యలో ఎర్రరాతి స్తూపం. ఎక్కడ నిలబడి ఎటు చూడాలో ముందే తెలిసుంటేనే, సభకొచ్చిన జనం మీద కాల్పులు జరిగిన 1919 ఏప్రిల్ 13 కళ్లకు కడుతుంది.

లోపలికి వెళ్లే సందులోనే మొదలుపెట్టండి. ఆ కాల్పులు జరిపించిన బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ తనతో మెషిన్‌గన్లున్న రెండు సాయుధ వాహనాలు తెచ్చాడు. ఈ సందులో పట్టలేదు కాబట్టే వాటిని బయట వదిలేశాడు. పట్టి ఉంటే వాడి ఉండేవాణ్నేమోనని తర్వాత విచారణ జరిపిన హంటర్ కమిటీ ముందు తనే ఒప్పుకున్నాడు. అందుకే ఆ సందు వెడల్పు గమనించకుండా ఫోన్ చూసుకుంటూ దాటేయకండి.

సందు దాటగానే ఆగండి. డయ్యర్ సిపాయిల్ని నిలబెట్టింది ఆ ప్రవేశం దగ్గరి మెరక మీదే. రైఫిళ్లున్నవాళ్లు 50 మంది, సగం కుడికి, సగం ఎడమకు. వాళ్లు కాక కుక్రీలు (వంకర కత్తులు) పట్టుకున్న గూర్ఖాలు మరో 40 మంది. చెదిరిపొమ్మని హెచ్చరిక లేదు. సుమారు పది నిమిషాల్లో 1,650 తూటాలు కాల్చారు, అంటే మనిషికి 33. ఆ రైఫిల్లో ఒకసారికి పట్టేవి పది. అంటే ఒక్కొక్కరూ మూడేసి సార్లు మళ్లీ నింపుకున్నారన్నమాట. జనం ఎటు గుమిగూడితే అటు గురి మార్పించాడు. ‘కంగారులో పేల్చేశారు’ అన్న మాట ఈ లెక్క ముందు నిలవదు. పాప చేత ఈ భాగహారం అక్కడే చేయించండి.

ఆ మెరక మీద నుంచే ఎదురుగా, చుట్టూ చూడండి. అన్నీ ఇళ్ల వెనక గోడలే. ఆనాడు ఉన్న కొద్దిపాటి దారులు ఇరుకు, కొన్ని మూసేసి ఉన్నాయి. జనం వాటివైపే పరిగెత్తారు కాబట్టి అక్కడే ఒకరి మీద ఒకరు పడిపోయారు.

నాగేంద్ర ప్రసాద్

టీచర్ గారు చెప్పినదానికి ఇంకాస్త. తూటా గుర్తులున్న గోడల దగ్గర ఒక్కో గుర్తు చుట్టూ తెల్లటి చదరం గీసి ఉంటుంది. ఒక గోడ మీది ఫలకంలో 36 గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయని రాసి ఉంటుంది. దూరం నుంచి చూస్తే చదరాలే కనిపిస్తాయి. దగ్గరికెళ్లి పక్క నుంచి చూస్తే ఇటుకలో లోపలికి పోయిన గుంట, దాని అంచున పెచ్చు లేచిన చోటు తెలుస్తాయి. వేలు పెట్టి గెలకొద్దు, అసలే పాత ఇటుక. గుర్తులు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కూడా గమనించండి.

తూటాలు తప్పించుకోవాలని జనం దూకిన బావి ఒకటుంది, దాని మీద ఇప్పుడు పారదర్శకమైన కప్పు ఉంది. ఎండ బాగా ఉన్నప్పుడు అందులో ఆకాశం, మన ముఖం తప్ప ఏమీ కనిపించవు. పొద్దున్నే వెళ్లమనడానికి ఇదో కారణం. ఇందులోంచి 120 శవాలు తీశారని అక్కడి ఫలకం చెబుతుంది.

మృతుల సంఖ్య గురించి అమ్మానాన్నా అడుగుతారు, సిద్ధంగా ఉండండి. సర్కారు లెక్క 379, కాంగ్రెస్ విచారణ లెక్క దాదాపు వెయ్యి. ఇంత తేడా ఎందుకంటే ఆ రాత్రి ఎనిమిది నుంచి కర్ఫ్యూ. చాలామంది తమవాళ్లను తామే మోసుకెళ్లి దహనం చేసేశారు. బైశాఖీ పండక్కి పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల గురించి ఊళ్లో చెప్పేవాళ్లు లేరు. మార్షల్ లా (సైనిక పాలన) రోజుల్లో మావాడు ఆ సభలో ఉన్నాడని సర్కారుకు పేరు ఇవ్వడానికి ఎవరికి ధైర్యముంటుంది?

మాధవి_గుంటూరు

బయట ఉధమ్ సింగ్ విగ్రహం దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఆయన చంపింది డయ్యర్‌ని అనుకుంటారు. కాదు, 1919లో పంజాబ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఉండి ఆ కాల్పుల్ని సమర్థించిన మైకేల్ ఓడ్వయర్‌ని. లండన్ కాక్స్‌టన్ హాల్లో, 1940 మార్చి 13న. కాల్పులు జరిపించిన రెజినాల్డ్ డయ్యర్ 1927లోనే జబ్బు చేసి పోయాడు. ఫోటోలు తీసి గైడులమని వెంటపడేవాళ్లు కూడా ఈ రెండు పేర్లూ కలిపేసి చెబుతారు. డబ్బులిచ్చి తప్పు వినడం దేనికి?

ఇంకో మాట. 2021లో బాగ్‌ని కొత్తగా తీర్చిదిద్దాక సందు గోడల మీద మనుషుల బొమ్మలు వచ్చాయి, నవ్వు ముఖాలతో సహా. ఆ సాయంత్రం ఏమీ ఎరగకుండా సభకొచ్చిన జనాన్ని చూపించాలని ఉద్దేశం. నాకైతే ఖాళీ ఇటుక గోడే ఎక్కువ చెప్పేది. ఇప్పుడు సగం మంది ఆ బొమ్మల పక్కన సెల్ఫీలకు ఆగిపోతున్నారు, వెనక నడవలేని పెద్దవాళ్లు ఇరుక్కుంటున్నారు.

రమణమూర్తి

మాధవి గారూ, ఆ బొమ్మల మీద విమర్శ నిజమే. కానీ ఆ పనుల్లోనే గ్యాలరీలు కూడా వచ్చాయి. రౌలట్ చట్టం, ఏప్రిల్ 10న స్థానిక నాయకులు కిచ్లూ, సత్యపాల్‌ల అరెస్టు, ఆనాటి గొడవలు తెలియనివాళ్లకు అవి పనికొస్తాయి. సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షో ఉంటుంది గానీ, అట్టారీ పెట్టుకున్న రోజు అందుకోవడం కష్టం.

ఫణికుమార్

మ్యూజియం సంగతి నేను చెబుతాను. కనీసం రెండు గంటలు, చదివే అలవాటున్నవాళ్లకి మూడు. లోపల ఫోటోలు తీయనివ్వరు, బ్యాగులు తేలిగ్గా ఉంటే మేలు.

మొత్తం 14 గ్యాలరీలు, కాలక్రమంలో నడుస్తాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మొదటి గదుల్లో రాజకీయ చరిత్ర, పాత పత్రికలు, చదవాల్సింది బోలెడు. అక్కడే గంటన్నర గడిపి, అసలు మనుషుల కథలు మొదలయ్యేసరికి కాళ్లు పీకుతాయి. ఆ మొదటి భాగం ఏదైనా పుస్తకంలోనూ దొరుకుతుంది. సరిహద్దు గీత గది నుంచి నెమ్మదించండి.

ఆ గదిలో గోడను కోస్తున్నట్టు పెద్ద రంపం పెట్టారు. గీత గీసే పని అప్పగించిన బ్రిటిష్ న్యాయవాది రాడ్‌క్లిఫ్ అంతకుముందెప్పుడూ భారతదేశం చూడలేదు. 1947 జూలై 8న దిగాడు, ఐదు వారాల్లో గీత గీసేశాడు. అది బయటపెట్టింది ఆగస్టు 17న. అంటే జెండా ఎగరేసిన రెండు రోజుల వరకూ తమ ఊరు ఏ దేశంలో ఉందో సరిహద్దు జిల్లాల జనానికి తెలియదు. 2017లో ఈ మ్యూజియాన్ని ఆగస్టు 17నే ప్రారంభించడంలో అర్థం అదే.

తర్వాత వలసలు. కోటికి పైగా జనం ఇళ్లు వదిలారు. చనిపోయినవాళ్ల అంచనాలు రెండు లక్షల నుంచి పది లక్షలు, ఆపైన కూడా ఉన్నాయి. ఆ అంకెల కన్నా సామాన్ల ముందు ఆగండి. ఒక ఫుల్కారీ కోటు, ఒక తోలు బ్రీఫ్‌కేసు ఉంటాయి. కోటు ఆమెది, పెట్టె అతనిది. గొడవలకు ముందే పెళ్లి మాట అనుకున్న జంట. ఎవరి దారిన వాళ్లు ప్రాణాలు దక్కించుకుని వచ్చి, అమృత్‌సర్‌లో శరణార్థుల తిండి వరసలో మళ్లీ కలిశారు, పెళ్లి చేసుకున్నారు. ఇల్లూ పొలమూ వదిలి పరిగెత్తేటప్పుడు ఆ అమ్మాయి చేతికందినది పూల కుట్టు కోటు!

శ్రీలత కె.

ఫణి గారూ, పాపకి పదేళ్లు. లోపల భయపెట్టేవి ఉంటాయా? అమ్మానాన్నకి భాష ఎలా?

కృష్ణవేణి టీచర్

రక్తపు బొమ్మల కన్నా చెప్పే విషయాలు బరువైనవమ్మా. ఒక చోట బావి కట్టి పెట్టారు. ఎత్తుకుపోతారన్న భయంతో బావుల్లో దూకిన ఆడవాళ్ల గుర్తుగా అది. పదేళ్ల పిల్ల ‘ఎందుకు దూకారు?’ అని అడుగుతుంది. జవాబు మీ దగ్గర లేకపోతే ఆ మూల ఆగకుండా నడిపించండి. పొద్దున బాగ్‌లోనూ బావి చూసి ఉంటుంది, రెండూ ఒకటే అనుకునే ప్రమాదముంది. ఇది 1947, అది 1919 అని గుమ్మంలోనే చెప్పండి.

చివర ఆశ పేరుతో ఓ గది ఉంది. ముళ్లతీగతో చేసిన చెట్టు, చూడవచ్చినవాళ్లు ఆకుల్లాంటి కాగితాల మీద రాసి తగిలిస్తారు. తెలుగులో రాయడానికేం అడ్డు లేదు. పాపకి అక్కడ పది నిమిషాలు మిగిల్చండి.

భాష మాత్రం ఇబ్బందే. తెరల మీద మాట్లాడే ముసలివాళ్లు పంజాబీ, హిందీలో చెబుతారు, తెలుగులో ఏమీ దొరకదు. ముందు రోజు రాత్రి గదిలో కూర్చుని విభజన కథ అరగంట మీరే చెప్పేయండి. అప్పుడు ఆ తెరల మీద మాట అర్థం కాకపోయినా ముఖం అర్థమవుతుంది. నాన్నగారు కూర్చుని చూడదలిస్తే ఒకటి రెండు తెరలే ఎంచుకోండి. నడక, మెట్ల గురించి టికెట్ దగ్గరే అడిగేయండి.

నాగేంద్ర ప్రసాద్

ఆ టౌన్ హాల్ కూడా ఉత్త భవనం కాదు, 1919 ఏప్రిల్ 10 గొడవల్లో దానికీ నిప్పంటించారు. అదే రోజు మిస్ షెర్వుడ్ అనే మిషనరీ మీద దాడి జరిగిన సందు కూచా కౌరియాన్‌వాలా. ఆ దారిన పోవాలంటే పాకుతూ పోవాలని డయ్యర్ ఏప్రిల్ 19న ఆజ్ఞ వేసింది అక్కడే. పాత ఊళ్లోనే ఉంది, కానీ జనం కాపురాలున్న మామూలు సందు. ఓపిక, దారి చూపే మనిషి ఉంటే తప్ప పెద్దవాళ్లతో వద్దు.

సాయి_చరణ్

నాదో వేరే మాట. ఈ రెండూ, అట్టారీ ఒకే రోజున వద్దు. పొద్దున గుండె బరువెక్కే చోట్లు, సాయంత్రం కేకలూ పాటలూ చప్పట్లూ. పాపకి చివరికి గుర్తుండేది ఆ కేకలే. ఒక్కటే వదులుకోవాలంటే నేను అట్టారీ వదిలేస్తాను. అప్పుడు సాయంత్రం బాగ్‌లో షో కూడా చూడొచ్చు.

ఫణికుమార్

చరణ్ మాటతో సగం ఒప్పుకుంటా. పెద్దవాళ్లు అట్టారీ చూడాల్సిందే అంటే మాత్రం, వచ్చేటప్పుడో పోయేటప్పుడో ఢిల్లీలో పూట దొరుకుతుందేమో చూడండి. అమృత్‌సర్ మ్యూజియం నడిపే ట్రస్టే కశ్మీరీ గేట్ దగ్గర అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఆవరణలో, దారా షికోహ్ గ్రంథాలయ భవనంలో ఇంకో విభజన మ్యూజియం నడుపుతోంది, 2023లో తెరిచారు. మ్యూజియం అక్కడ చూస్తే అమృత్‌సర్ రోజున బాగ్‌కి పొద్దున రెండు గంటలు నిక్షేపంగా దొరుకుతాయి.