అమ్మకు చేసిన సేవ 450 గంటల్లోకి రాదా?

నెల్లూరు సిస్టర్:
బ్రిటన్‌లో ఆరేళ్లు స్ట్రోక్ వార్డులో పనిచేశాను. 2023 డిసెంబర్‌లో అమ్మకు పక్షవాతం వచ్చిందని ఫోను వస్తే ఉన్నపళంగా సెలవు పెట్టి వచ్చాను. రాజీనామా ఇక్కడినుంచే మెయిల్ చేశాను. నాన్న లేరు, తమ్ముడు బెంగళూరులో. అమ్మకు కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట లేదు. అప్పటినుంచీ పగలూ రాత్రీ నేనే. రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతాను, ముక్కు గొట్టంలోంచి పాలూ జావా పోస్తాను, యూరిన్ బ్యాగు చూసుకుంటాను. ఇన్నాళ్లలో వీపున ఒక్క పుండు పడలేదు.

2026 మేలో నా రీవ్యాలిడేషన్, అంటే మూడేళ్లకోసారి చేయించుకోవాల్సిన నర్సు రిజిస్ట్రేషన్ రెన్యూవల్. మూడేళ్లలో 450 గంటలు నర్సుగా పనిచేసి ఉండాలనేది బ్రిటన్ నర్సుల కౌన్సిల్ ఎన్ఎంసి రూలు. దానికి తోడు 35 గంటల చదువు. నేను ఈ రెండేళ్లుగా ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇంట్లో చేసింది లెక్కేస్తే నెలా నెలన్నరకే 450 దాటుతుంది. అది నర్సింగ్ ఎందుకు కాదు? పిన్ (అక్కడి రిజిస్ట్రేషన్ నంబరు) పోతే మళ్లీ కంప్యూటర్ పరీక్ష సీబీటీ, చేసి చూపించే పరీక్ష ఓస్కీ రాయాలంటున్నారు. ఓస్కీ ఒక్కదానికే 794 పౌండ్లు. అమ్మ మందులు కొనుక్కునే దాన్ని, ఎక్కడినుంచి తేను?

లెస్టర్ అక్క:
అమ్మగారికి ఇప్పుడెలా ఉంది చెల్లీ?

ముందు నీ భయం తీరుస్తాను. 450 గంటలు ఏటేటా చేయాల్సినవి కావు, చివరి ఏడాదిలోనే ఉండాలనీ లేదు. రెన్యూవల్‌కు ముందు మూడేళ్లలో ఎప్పుడు చేసినా సరే. నీ లెక్క 2023 మేలో మొదలైంది, నువ్వు డిసెంబర్ దాకా డ్యూటీ చేశావు. ఎన్‌హెచ్ఎస్‌లో, అంటే ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఫుల్‌టైమ్ అంటే వారానికి 37.5 గంటలు, అంటే పన్నెండు వారాలకే 450 అయిపోతాయి. నీ గంటలు నువ్వు విమానం ఎక్కకముందే నిండాయి. పేస్లిప్పులు వెతికి పెట్టుకో. నీకు అసలు గండం ఆ తర్వాతి రెన్యూవల్, 2029ది.

ఇక నువ్వడిగినదానికి నా జవాబు: రాదు, రాకూడదు కూడా. కష్టం తక్కువని కాదు. వార్డులో నేనేం చేసినా ఇంకొకరు చూస్తారు. ఇన్సులిన్ ఇచ్చేముందు పక్క నర్సు సరిచూస్తుంది, షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో నా పొరపాటు బయటపడుతుంది, రోగి చుట్టాలు ఫిర్యాదు చేస్తే నేను జవాబు చెప్పాలి. ఇంట్లో ఒక్కరే మనిషి, చూసేవాళ్లుండరు. అలవాటు జారిపోతే మనకే తెలియదు. ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకు. గొట్టం పొట్టలోనే ఉందని ఎలా చూసుకుంటున్నావు?

కడప కోడలు:
అక్కా, ఈ మాటలు చదువుతుంటే కడుపు మండుతోంది. మామగారికి ఊపిరి ఆడటానికి గొంతు దగ్గర రంధ్రం పెట్టి గొట్టం వేస్తే (ట్రేకియాస్టమీ) నాలుగేళ్లు నేను చూశాను. రాత్రి రెండింటికి గొంతులో గురగుర వినపడితే నిద్రలోనే లేచి కఫం లాగే సక్షన్ పెట్టేదాన్ని. ఆయన పోయినరోజు ఇంటికొచ్చిన డాక్టరుగారు ఒళ్లంతా చూసి, ఐసీయూలో కూడా ఇంత శుభ్రంగా ఉంచరమ్మా అన్నారు. నేను ఉద్యోగం చేసిన చోట వార్డంతటికీ ఒక్క సిస్టర్ ఉండేది, ఫైళ్లు నింపేసరికే షిఫ్టు అయిపోయేది. రోగిని తిప్పేది ఆయమ్మలు, చుట్టాలు. ఆ ఫైళ్లు నింపిన గంటలు నర్సింగ్, నా నాలుగేళ్లు కోడలి ధర్మం!

మా ఆయన ఉద్యోగానికి ఒక్క నెల గ్యాప్ రాలేదు. ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉంటే మానేసేది ఆడవాళ్లే, అందులోనూ నర్సు అయితే ఇక అడగనే అడగరు. ఆ రూలు రాసినవాళ్లు ఇది ఆలోచించారా?

పెర్త్ నుంచి:
ఇంటి సేవ ఇక్కడ ఆస్ట్రేలియాలోనూ లెక్కలోకి రాదు. కానీ ఇక్కడ 450 గంటలకు ఐదేళ్ల గడువుంది, బ్రిటన్‌లో మూడే. పైగా నాన్ ప్రాక్టీసింగ్ అని ఒక వరస ఉంది. ఫీజు తక్కువ కడతాం, నర్సుగా పనిచేయకూడదు, పేరు మాత్రం రిజిస్టర్‌లో ఉంటుంది. మా పాప పుట్టినప్పుడు నేను అందులోకే మారాను. అక్కడున్నా ఐదేళ్ల లెక్క ఆగదు, అది మర్చిపోవద్దు. బ్రిటన్‌లో ఇలాంటి మధ్య దారి లేదు. కొట్లాడాల్సింది దాని కోసం. తల్లిని చూసుకోవడానికి ఆగిన మనిషికీ వృత్తి వదిలేసిన మనిషికీ తేడా ఉండాలి కదా.

నెల్లూరు సిస్టర్:
లెస్టర్ అక్కా, మీ ప్రశ్న చదివి చాలాసేపు జవాబు రాయలేకపోయాను. సిరంజితో గాలి కొట్టి, కడుపు మీద స్టెత్ పెట్టి బుడబుడ వింటున్నాను. ఇక్కడ డిశ్చార్జి చేసేటప్పుడు అలాగే చూపించారు. బ్రిటన్‌లో దాన్ని 2005లోనే వద్దన్నారని నాకు తెలుసు. గొట్టం ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ చప్పుడు వినపడుతుందని కొత్తగా వచ్చిన పిల్లలకు నేనే చెప్పేదాన్ని. ఆరేళ్లు ప్రతి ఫీడుకు ముందు గొట్టంలోంచి కొంచెం రసం లాగి, అది కడుపులోని ఆమ్లమేనా అని చూపే పీహెచ్ పేపర్ మీద వేసి, 5.5 లోపు ఉంటేనే పోశాను. ఇక్కడ మా వీధి మెడికల్ షాపులో ఆ పేపర్ దొరకలేదు. రెండుసార్లు అడిగి ఊరుకున్నాను. ఈరోజు ఆన్‌లైన్‌లో తెప్పించాను.

కాబట్టి గంటల విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కడప అక్క మాటా ఒప్పుకుంటున్నాను, రెండూ నిజమే. మూడేళ్లన్నది మాత్రం అన్యాయం. పక్షవాతం మూడేళ్లు చూసుకుని తగ్గదు.

గుంటూరు ట్యూటర్:
2029 మాట ఇప్పుడే ఆలోచించమ్మా. పరాయి దేశంలో నర్సుగా చేసిన గంటల్ని కూడా ఎన్ఎంసి ఒప్పుకుంటుంది, కానీ ఆ దేశపు రిజిస్ట్రేషన్ ఉండి చేయాలి. నీ ఆంధ్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించావా? బ్రిటన్ వెళ్లాక చాలామంది దాన్ని పట్టించుకోరు. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టింది ఐదేళ్లకు 150 గంటల చదువు. అది సరిచేసుకుని, మనిషి దొరికితే వారానికి ఒక్క షిఫ్టు ఇక్కడే చెయ్యి. ఎనిమిది గంటల షిఫ్టు యాభై ఏడు చేస్తే 450 దాటుతుంది. మూడేళ్లలో వారాలు నూటయాభైకి పైనే.

బ్రిటన్ బ్యాంకు ఖాతాలో డబ్బు ఉందో లేదో కూడా చూసుకో. ఏడాది ఫీజు 120 పౌండ్లు డెబిట్ కాక పిన్ పోగొట్టుకున్న పిల్ల మా బ్యాచ్‌లో ఉంది. గంటలన్నీ ఉండి కూడా పోయింది.

కడప కోడలు:
వారానికో షిఫ్టుకు వెళ్లాలంటే ఆ పూట అమ్మ దగ్గర ఎవరు కూర్చుంటారు మేడం? అక్కడే కదా మొత్తం ఆగిపోయేది.

నెల్లూరు సిస్టర్:
తమ్ముడికి ఫోన్ చేశాను. నెలకు రెండు శనివారాలు వస్తానన్నాడు. వచ్చాక చూడాలి.

పేస్లిప్పులు మెయిల్‌లో దొరికాయి. ఫీడ్‌బ్యాక్ ఐదు కావాలి కదా, 2023లో పేషెంట్లు ఇచ్చిన కార్డులు సూట్‌కేసు అడుగున ఉన్నాయి. రిఫ్లెక్షన్లు, అంటే పనిలో ఏం నేర్చుకున్నానో చెప్పేవి, ఐదు రాయాలి. అమ్మ గురించి రాయవచ్చా అక్కా?

లెస్టర్ అక్క:
అమ్మ గురించి నేరుగా వద్దు, అది ప్రాక్టీసు కాదంటారు. మింగడం కష్టమైనవాళ్ల గురించి, ట్యూబ్ ఫీడింగ్ గురించి వెబినార్లు ఉన్నాయి. ప్రశ్నలూ జవాబులూ ఉండేవి ఎంచుకో, 35లో 20 గంటలు నలుగురితో కలిసి నేర్చుకున్నవై ఉండాలి. అవి విన్నాక నీ చెయ్యి ఎక్కడ జారిందో, ఇప్పుడేం మార్చుకున్నావో రాయి. నాకు చెప్పినంత సూటిగా రాస్తే చాలు.

ఆ తర్వాత నువ్వు రాసినవాటి గురించి మాట్లాడాల్సిన రిజిస్టర్డ్ నర్సు కోసం వెతుక్కోకు, నేనున్నాను. వీడియో కాల్ చాలు. వచ్చే ఆదివారం నాకు లేట్ డ్యూటీ. మీకు సాయంత్రం నాలుగంటే నాకు పొద్దున పదిన్నర. అమ్మగారికి ఫీడు ఇచ్చేశాక చెయ్యి.