అప్‌డేట్: సైట్ బాగైంది, కారణం దొరికింది

సైట్‌లో ఫొటోలు అప్‌లోడ్ కావడం లేదని, మధ్యమధ్యలో 500 ఎర్రర్ (సర్వర్‌లో ఏదో లోపం ఉందనే సందేశం) వస్తోందని, హోస్టింగ్ కంపెనీ (సైట్‌ను తమ సర్వర్‌లో ఉంచే సంస్థ) సపోర్ట్ వాళ్లు పట్టించుకోవడం లేదని మొన్న అడిగాను కదా. సమస్య తీరింది, కానీ తీర్చింది వాళ్లు కాదు.

నాలుగుసార్లు టికెట్ పెడితే నాలుగుసార్లూ ఒకటే జవాబు: "బ్రౌజర్ కాష్ క్లియర్ చేసి చూడండి." ఎర్రర్ లాగ్ జత చేసి పంపినా తెరిచి చూడలేదు. చివరికి మీలో ఒకరు చెప్పినట్టు ఐనోడ్ల లెక్క, అంటే నా ఖాతాలో మొత్తం ఎన్ని ఫైళ్లు, ఫోల్డర్లు ఉన్నాయో చూశాను. డిస్క్ సగం ఖాళీగానే ఉంది, ఫైళ్ల సంఖ్య మాత్రం పరిమితికి చేరిపోయింది, అందుకే కొత్త ఫైళ్లు సేవ్ కాలేదు. పేజీలు త్వరగా తెరుచుకోవడానికి వాటి కాపీలు దాచిపెట్టే కాష్ ప్లగిన్ లక్షల కొద్దీ చిన్న ఫైళ్లు పోగేసింది. వాటిని తీసేయగానే సైట్ మామూలైంది. కంట్రోల్ ప్యానెల్‌లో కనిపించే ఒక్క అంకె అది! వాళ్లు చూసి చెప్పి ఉంటే వారం రోజుల టెన్షన్ తప్పేది.

వేరే కంపెనీకి మారుతున్నాను. బ్యాకప్ దింపుకున్నాను, సైట్ కొత్త సర్వర్‌కు మారిన సంగతి అందరికీ త్వరగా చేరేలా డీఎన్ఎస్ టీటీఎల్ (సైట్ పాత సర్వర్ చిరునామాను ఇతర సర్వర్లు గుర్తుపెట్టుకునే సమయం) 300 సెకన్లకు తగ్గించాను. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.